అతినీలలోహిత కిరణాలు: పొద్దు, ఆకాశం, మన నీడ

సూర్యుని నుండి మనకు చేరే కిరణాలలో కొన్నింటిని కన్ను గుర్తిస్తున్నది. వాటిని వెలుగు అంటున్నాం. కొన్నింటిని చర్మం గుర్తిస్తున్నది. వాటిని వేడి అంటున్నాం. ఈ రెండు ఇంద్రియాలకూ అందని మూడవ రకం కిరణాలు కూడ ఎండలో కలవు. అవి కంటికి కనిపించవు. తగిలినట్లు ఒంటికి తెలియదు. అయినను తమ పని తాము చేసిపోతాయి. ఆ పని యొక్క ఫలితం కొన్ని గంటలకో, కొన్ని నెలలకో, ఒక్కొక్కప్పుడు కొన్ని ఏండ్లకో బయటపడుతుంది. ఇవే అతినీలలోహిత కిరణాలు.

వీటి వలన మనకు మేలూ కలదు, కీడూ కలదు. ఎముకల గట్టిదనానికి అవసరమైన విటమిన్ డి మన చర్మంలో తయారు కావడానికి ఇవే మూలం. చర్మం కమిలిపోవడానికి, అకాలంగా ముడుతలు పడడానికి, కంటిలో శుక్లం ఏర్పడడానికి కూడ ఇవి కారణం కాగలవు. ఎండకు కొదవ లేని మన దేశంలో ఎందరో విటమిన్ డి లోపంతో బాధపడుతున్నారని వైద్యులు చెప్పడం ఆశ్చర్యంగా తోచవచ్చును. ఎండ ఉండడం వేరు, ఎండలోని ఫలానా కిరణం ఫలానా వేళకు మనకు చేరడం వేరు అని గ్రహిస్తే ఆ ఆశ్చర్యం తీరుతుంది.

అతినీలలోహిత కిరణాల తీవ్రతను మనం సాధారణంగా వేడిని బట్టి అంచనా వేస్తాం. లేదా కళ్ళు చెదిరే వెలుగును బట్టి అంచనా వేస్తాం. ఈ రెండు కొలతలూ నమ్మదగినవి కావు. నమ్మదగిన కొలతలు వేరే రెండు ఉన్నవి. ఒకటి, నేలమీద పడే మన నీడ పొడవు. రెండు, మనం నిలిచిన చోటి నుండి తలయెత్తి చూస్తే కనిపించే ఆకాశపు విస్తీర్ణం. ఈ రెండింటినీ వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కనుగొన్న విధం

1800వ సంవత్సరంలో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం ద్వారా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకాన్ని ఉంచి చూశాడు. ఎరుపు రంగుకు ఆవల, ఏ రంగూ కనిపించని చోట, ఉష్ణమాపకం మరింత పైకి ఎగబాకింది. పరారుణ కిరణాలు ఆ విధంగా తెలియవచ్చినవి. ఒక కొసన కంటికి కానరాని కిరణాలున్నప్పుడు రెండవ కొసన ఎందుకు ఉండకూడదని జర్మనీలోని యేనా పట్టణంలో యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఆలోచించాడు. వెలుగు తగిలితే నల్లబడే గుణం సిల్వర్ క్లోరైడుకు ఉన్నది. 1801లో రిట్టర్ ఆ లవణాన్ని రంగులన్నింటిలోను ఉంచి పరీక్షించగా, ఊదా రంగుకు ఆవల, చీకటిగా కనిపించే చోటనే అది అన్నింటికంటె త్వరగా నల్లబడింది.

కాంతి తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో కొలుస్తారు. నానోమీటరు అనగా మీటరులో వంద కోట్లవ వంతు. కంటికి కనిపించే వెలుగు సుమారు 400 నుండి 700 నానోమీటర్ల వరకు వ్యాపించి ఉన్నది. 400కు దిగువన ఉన్న అతినీలలోహిత కిరణాలను శాస్త్రజ్ఞులు మూడు తరగతులు చేశారు. 315 నుండి 400 వరకు ‘ఎ’ తరగతి. 280 నుండి 315 వరకు ‘బి’ తరగతి. 100 నుండి 280 వరకు ‘సి’ తరగతి. వీటిలో ‘సి’ కిరణాలు అత్యంత ప్రమాదకరమైనవి. కాని వాటిని వాయుమండలం పూర్తిగా పీల్చివేస్తుంది. నేలకు చేరే అతినీలలోహితంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ‘ఎ’ కిరణాలే. ‘బి’ కిరణాల వంతు చాల స్వల్పం. అయినను చర్మం కమలడానికీ, విటమిన్ డి తయారు కావడానికీ ముఖ్య కారణం ఆ స్వల్ప భాగమే. కాబట్టి మన చర్చ ప్రధానంగా ‘బి’ కిరణాలను గురించియే.

పొద్దెక్కే కొద్దీ

‘బి’ కిరణాలకు అడ్డు నిలిచేది ఓజోను. భూమికి సుమారు 15 నుండి 35 కిలోమీటర్ల ఎత్తులో ఇది హెచ్చుగా వ్యాపించి ఉన్నది. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు శార్ల్ ఫాబ్రీ, హెన్రీ బ్యూసాన్ 1913లో దీని ఉనికిని నిర్ధారించారు. పొర అన్న మాట విని దట్టమైన కవచాన్ని ఊహించుకోరాదు. ఆ ఓజోను అంతటినీ నేలమట్టపు పీడనానికి, సున్న డిగ్రీల ఉష్ణోగ్రతకు తెచ్చి పరిస్తే దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. దీనినే 300 డాబ్సన్ యూనిట్లు అంటారు. మన ఉష్ణమండలంలో ఇది సాధారణంగా 300కు లోపుగానే ఉంటుంది. సూర్యుడు నడినెత్తికి రావడం, ఓజోను పలుచగా ఉండడం, ఈ రెండు కారణాల వలన మన ప్రాంతంలో అతినీలలోహితం సహజంగానే హెచ్చు.

ఇంత పలుచని తెర ఉదయం బలంగాను, మధ్యాహ్నం బలహీనంగాను ఎందుకు పనిచేస్తుంది? అరటికాయను అడ్డంగా కోస్తే ముక్క చిన్నదిగా వస్తుంది. ఏటవాలుగా కోస్తే అదే కాయ నుండి పొడవైన ముక్క వస్తుంది. సూర్యకిరణం వాయుమండలాన్ని దాటే తీరు కూడ అటువంటిదే. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కిరణం అతి దగ్గరి దారిన దిగుతుంది. సూర్యుడు క్షితిజం నుండి 30 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు ఆ దారి రెండింతలవుతుంది. ఇంకను కిందికి దిగి 20 డిగ్రీలకు చేరితే దాదాపు మూడింతలవుతుంది. దారి పొడవైన కొద్దీ ఓజోను హెచ్చుగా అడ్డుపడుతుంది.

ఓజోను కంటికి కనిపించే వెలుగును అంతగా పీల్చదు. ‘బి’ కిరణాలనే పట్టి పీల్చుతుంది. అందువలన సూర్యుడు 30 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు నేలమీది వెలుగు నడినెత్తి సూర్యుని వెలుగులో దాదాపు సగం ఉండగా, చర్మాన్ని కమల్చే అతినీలలోహితం సుమారు అయిదవ వంతుకు పడిపోతుంది. వెలుగు సగమే తగ్గినందున కన్ను ఆ తేడాను లెక్కచేయదు. చర్మానికి మాత్రం అది పెద్ద తేడా. వేసవిలో దినమంతటికీ వచ్చే అతినీలలోహితంలో నూటికి దాదాపు అరవై పాళ్ళు ఉదయం 10 నుండి మధ్యాహ్నం 2 లోపలనే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుతున్నది.

అసలు మధ్యాహ్నం ఎప్పుడు?

గడియారంలో 12 కొట్టినంత మాత్రాన సూర్యుడు మన నడినెత్తికి రాడు. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి లెక్కించినది. హైదరాబాదు సుమారు 78½ డిగ్రీల రేఖాంశం మీద ఉన్నది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, మన మధ్యాహ్నం సగటున 16 నిమిషాలు ఆలస్యం. దీనికి తోడు భూమి సూర్యుని చుట్టు తిరిగే వేగంలోని హెచ్చుతగ్గుల వలనను, భూమి అక్షపు వాలు వలనను ఈ వేళ సంవత్సరం పొడుగునా అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. నవంబరు మొదటివారంలో హైదరాబాదులో సూర్యుడు సరిగా 12 గంటల ప్రాంతాన మధ్యాహ్నరేఖను దాటుతాడు. ఫిబ్రవరి రెండవ వారంలో 12.30 వరకు ఆగుతాడు.

మన విద్యార్థులలో పలువురికి ఈ విషయం మరొక దారిలో తెలిసినదే. మసీదులలో వేలాడదీసే నమాజు వేళల పట్టికలలో ‘జవాల్’ వేళ దినదినమూ మారుతూ ఉంటుంది. జవాల్ అనగా వాలిపోవడం. సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటి పడమటికి ఒరిగే క్షణం అది. తెలుగులో ‘పొద్దు వాలింది’ అనే మాటలోని భావమూ ఇదే. జుహర్ వేళ దీని తరువాత మొదలవుతుంది. అసర్ వేళను నీడ పొడవును బట్టి నిర్ణయిస్తారు. ఆకాశం నిర్మలంగా ఉన్న దినాన అతినీలలోహితం శిఖరానికి చేరే వేళ కూడ ఈ జవాల్ వేళయే. ఆ పట్టికను చూడగలవారికి వేరే పరికరం అక్కర లేదు.

వేడి వేరు, అతినీలలోహితం వేరు

వేసవిలో గాలి అత్యధికంగా వేడెక్కేది మధ్యాహ్నం 12 గంటలకు కాదు; రెండున్నర, మూడున్నర గంటల నడుమ. సూర్యుడు మొదట నేలను వేడిచేస్తాడు. ఆ నేల గాలిని వేడిచేస్తుంది. అందుకే ఈ ఆలస్యం. సంవత్సరం లెక్కలోను ఇదే తీరు. హైదరాబాదులో సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చేది సంవత్సరానికి రెండు మార్లు, మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతాన. ఆ దినాలలో నిటారుగా నిలిపిన కర్రకు మధ్యాహ్నం కాసేపు నీడయే ఉండదు. కాని రోళ్ళు పగులుతాయని మన పెద్దలు చెప్పే రోహిణి కార్తె మే నెల చివరి వారంలో గాని ప్రవేశించదు.

అతినీలలోహితానికి ఇటువంటి ఆలస్యం లేదు. అది నేలను, గాలిని వేడిచేసి ఆ తరువాత మనకు తగిలేది కాదు. కిరణం వచ్చిన క్షణానే వచ్చినట్టు. అందుచేత మే నెల రెండవ వారంలో సాయంత్రం నాలుగున్నరకు గాలి నిప్పులు చెరుగుతున్నను, అతినీలలోహితం అప్పటికే సుమారు అయిదవ వంతుకు దిగిపోయి ఉంటుంది. దానికి భిన్నంగా, ఆగస్టులో వాన వెలసి, చల్లని గాలి వీస్తూ, ఎండ కాసిన పన్నెండున్నర గంటల వేళ ఒంటికి హాయిగా తోచవచ్చును; కాని అప్పుడు అతినీలలోహితం తీవ్రంగా ఉంటుంది.

ఈ తీవ్రతను తెలిపే సూచికను 1992లో కెనడా మొదటిసారి ప్రవేశపెట్టింది. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలైనవి దీనిని ప్రపంచమంతటికీ వర్తింపజేశాయి. సూచిక 2 వరకు స్వల్పం. 3 నుండి 5 మధ్యమం. 6, 7 అధికం. 8 నుండి 10 అత్యధికం. 11, ఆ పైన తీవ్రాతితీవ్రం. నిర్మలమైన వేసవి మధ్యాహ్నాలలో మన ప్రాంతంలో ఈ సూచిక 11ను చేరడమో, దాటడమో వింత కాదు. ఎత్తు పెరిగితే కూడ ఇది పెరుగుతుంది. ప్రతి 1000 మీటర్లకు నూటికి 10 నుండి 12 వంతులు హెచ్చు.

ఆకాశమంతా ఒక దీపం

అతినీలలోహితం సూర్యబింబం నుండి మాత్రమే వస్తున్నదని తలచడం రెండవ పొరపాటు. గాలిలోని అణువులు కాంతిని అన్ని దిక్కులకు చెదరగొడతాయి. దీనిని పరిక్షేపణం అంటారు. తరంగదైర్ఘ్యం సగానికి తగ్గితే పరిక్షేపణం సుమారు 16 రెట్లు పెరుగుతుందని లార్డ్ రేలీ నియమం. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణం ఇదే. 640 నానోమీటర్ల ఎరుపు కాంతి కంటె 320 నానోమీటర్ల అతినీలలోహితం 16 రెట్లు హెచ్చుగా చెదరుతుంది. మన కంటికి ఆకాశం నీలం. అతినీలలోహితాన్ని చూడగల కన్నే ఉంటే ఆకాశమంతా వెలిగే గుమ్మటంగా కనిపించేది.

నిర్మలమైన మధ్యాహ్నం సైతం మనపై పడే ‘బి’ కిరణాలలో దాదాపు సగం సూర్యబింబం నుండి కాక ఆకాశం నుండి వస్తాయి. పొద్దు బాగా కిందికి దిగినప్పుడు వచ్చే కొద్దిపాటి ‘బి’ కిరణాలలో చాల భాగం ఆకాశానిదే. సూర్యునికి దగ్గరగా ఉన్న ఆకాశభాగంలో ఇవి హెచ్చు. దూరమైన కొద్దీ తగ్గుతాయి. అయితే కంటికి కనిపించే వెలుగులో ఒక దిక్కుకు మరొక దిక్కుకు ఉన్నంత తేడా అతినీలలోహితంలో ఉండదు. సూర్యునికి వీపు పెట్టి నిలిచినా ఎదుటి ఆకాశం తన వంతు పంపుతూనే ఉంటుంది.

దీని వలన నీడ అనే మాటకు కొత్త అర్థం ఏర్పడుతున్నది. విశాలమైన మైదానం నడుమ ఒక గొడుగు కింద నిలిస్తే సూర్యుడు కనిపించడు. కాని చుట్టూ ఆకాశం కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ వేడి, వెలుగు తగ్గినంతగా అతినీలలోహితం తగ్గదు. పాతబస్తీలోని ఇరుకు సందులో ఇరువైపుల గోడల నడుమ నిలిస్తే తలపై సన్నని ఆకాశపు పట్టీ మాత్రమే కనిపిస్తుంది. అక్కడి నీడ నిజమైన నీడ. ఒంటరి చెట్టు నీడకు, గుబురైన తోట నీడకు కూడ ఇదే భేదం. ఎంత ఆకాశం కనిపిస్తే అంత అతినీలలోహితం అన్నది మన సూత్రం.

మబ్బుల విషయంలోను జాగ్రత్త అవసరం. దట్టమైన నల్లమబ్బు అతినీలలోహితాన్ని బాగా తగ్గిస్తుంది. పలుచని మబ్బు గుండా మాత్రం నూటికి తొంభై పాళ్ళకు పైగా దిగివస్తుంది. అక్కడక్కడ తెల్లమబ్బులున్న దినాన వాటి అంచుల నుండి పరావర్తనం చెందిన కిరణాలు కూడ తోడై, నిర్మలాకాశపు తీవ్రతను కొద్దిసేపు మించిపోవడం కూడ కలదు. నేల సైతం కొంత తిప్పిపంపుతుంది. పచ్చిక పంపేది అత్యల్పం. పొడి ఇసుక నూటికి సుమారు 15 పాళ్ళు. తాజా మంచు 80 పాళ్ళ వరకు.

కన్నుకు ఒక ప్రత్యేకత ఉన్నది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ, కనురెప్ప కంటిని కొంతవరకు కాపాడుతాయి. సూర్యుడు నడిమి ఎత్తున ఉండి, మనం అతని వైపు నడుస్తున్నప్పుడు ఆ రక్షణ ఉండదు. జపానులోని కనజావా పరిశోధకులు మనిషి తలను పోలిన బొమ్మలతో కొలిచి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, సూర్యునికి అభిముఖమైన కంటికి అతినీలలోహితం మధ్యాహ్నం కంటె ఉదయం, అపరాహ్ణం వేళలలోనే హెచ్చుగా తగలగలదని తేలింది. చౌకగా దొరికే నల్లకళ్ళద్దాలు కొన్ని వెలుగును తగ్గిస్తాయి గాని అతినీలలోహితాన్ని ఆపవు. చీకటికి కంటిపాప విప్పారుతుంది. ఆ విప్పారిన ద్వారం గుండా కిరణాలు మరింతగా లోపలికి పోతాయి. కాబట్టి అద్దాలకు అతినీలలోహిత రక్షణ ఉన్నదా అని అడిగి కొనుట మంచిది.

లేత ఎండ, విటమిన్ డి

పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే విటమిన్ డి లభిస్తుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. లేత ఎండ హాయినిస్తుంది. నడకకు, వ్యాయామానికి అనువైన వేళ అది. కాని విటమిన్ డి కి కావలసినవి ‘బి’ కిరణాలు. పొద్దు కిందుగా ఉన్నప్పుడు ఓజోను వాటిని దాదాపుగా పీల్చివేస్తుంది. తిరుపతిలో చేసిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడినవి. చర్మంలో విటమిన్ డి గా మారే పదార్థాన్ని చిన్న గాజుగొట్టాలలో ఉంచి గంట గంటకూ ఎండలో పెట్టి చూడగా, సంవత్సరం పొడుగునా ఉదయం 11 నుండి మధ్యాహ్నం 2 వరకే ఆ మార్పు అత్యధికంగా జరిగింది.

కిటికీ అద్దం వెనుక కూర్చొని ఎండ కాచుకున్నను ఈ ప్రయోజనం సిద్ధించదు. మామూలు గాజు ‘బి’ కిరణాలను ఆపి ‘ఎ’ కిరణాలలో మంచి భాగాన్ని లోపలికి వదులుతుంది. నగరంలోని దుమ్ము, పొగ కూడ కొంత అడ్డుపడుతాయి. చామనచాయ, నలుపు చర్మంలోని వర్ణద్రవ్యం కమలకుండ కాపాడుతుంది గాని విటమిన్ తయారీకి హెచ్చు సమయం కోరుతుంది. ఇంటిపట్టున ఉండే స్త్రీలు, వృద్ధులు, నిండు దుస్తులు ధరించేవారు, దినమంతా గదులలో పనిచేసేవారు ఈ విషయాన్ని గుర్తుంచుకోవలెను. నీడ పొట్టిగా ఉన్న వేళ మేడమీదనో, పెరటిలోనో, తమకు అనువైన మరుగున, ముంజేతులకు, పాదాలకు కొద్దిసేపు ఎండ తగలనివ్వడం మేలు. చర్మం కమిలేంతవరకు కూర్చొనరాదు. లోపం ఎక్కువగా ఉన్నవారు వైద్యుని సలహా పొందవలెను.

నీడ చెప్పే లెక్క

నిత్యజీవితంలో పాటించడానికి శాస్త్రజ్ఞులు సూచించిన సులువైన నియమం ఒకటి కలదు. మన నీడ మన ఎత్తుకంటె పొట్టిగా ఉంటే అతినీలలోహితం బలంగా ఉన్నట్లు. పొడవుగా ఉంటే తగ్గుముఖంలో ఉన్నట్లు. నీడ ఎత్తుతో సమానంగా ఉండడమంటే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉండడమే. హైదరాబాదు అక్షాంశానికి లెక్కించగా, నీడ ఎత్తుకంటె పొట్టిగా ఉండే వేళలు సుమారుగా ఇవి:

డిసెంబరు 22: ఉదయం 10.55 నుండి మధ్యాహ్నం 1.30 వరకు.
ఫిబ్రవరి 10: ఉదయం 10.20 నుండి మధ్యాహ్నం 2.40 వరకు.
మార్చి 22: ఉదయం 9.35 నుండి మధ్యాహ్నం 3.10 వరకు.
మే 9: ఉదయం 9.05 నుండి మధ్యాహ్నం 3.20 వరకు.

చలికాలంలో రెండున్నర గంటలు, వేసవిలో ఆరు గంటలకు పైన. డిసెంబరు మధ్యాహ్నం సైతం మన ఊరిలో నీడ ఎత్తుకంటె పొట్టిదే అన్నది గమనింపదగినది. అనగా విటమిన్ డి కి మనకు ఏ ఋతువులోను కరవు లేదు. వేళ తెలియకపోవడమే కరవు.

విద్యార్థులు దీనిని స్వయంగా పరీక్షించి చూడవచ్చును. కళాశాల మైదానంలో మీటరు పొడవు కర్రను నిటారుగా పాతి, అరగంటకొకసారి నీడను కొలిచి రాసుకోవలెను. నీడ అతి పొట్టిగా ఉన్న క్షణమే ఆ దినపు నిజమైన మధ్యాహ్నం. దానిని జవాల్ వేళతో సరిచూడవలెను. పక్కనే ఉష్ణమాపకాన్ని నీడలో ఉంచి ఉష్ణోగ్రతను కూడ రాసుకుంటే, నీడ పెరగడం మొదలైన తరువాత కూడ వేడి పెరుగుతూ పోవడం కళ్ళారా చూడవచ్చును. ఒక నెలకు ఒక దినం చొప్పున సంవత్సరం పాటు చేస్తే అది భౌతికశాస్త్ర, భూగోళశాస్త్ర విద్యార్థులకు ఉమ్మడి పాఠమవుతుంది.

మన కళాశాలలో

ఈ జ్ఞానం పుస్తకంలో ఉండిపోక ఆచరణలోకి రావలెనని మా ఆకాంక్ష. ఫిబ్రవరిలో క్రీడోత్సవాలు జరిపేటప్పుడు పిల్లలను గంటల తరబడి వరుసలలో నిలబెట్టే కవాతును పదిన్నరకు లోపలనే ముగించవచ్చును. పరుగుపందాల తుదిపోటీలను మూడు గంటల తరువాత పెట్టుకొనవచ్చును. ప్రేక్షకులకు వేసే షామియానా చిన్నవి నాలుగు విడివిడిగా కాక, ఒకటే విశాలంగా వేసి పడమటి వైపు తెర దించితే కనిపించే ఆకాశం తగ్గుతుంది. మైదానం అంచున మొక్కలు నాటేటప్పుడు దూరదూరంగా కాక గుబురుగా నాటితే, పదేండ్ల తరువాత వచ్చే విద్యార్థులకు నిజమైన నీడ దొరుకుతుంది. కళాశాల పాలకవర్గం వారు ఈ సూచనలను పరిశీలింపగలరని ఆశిస్తున్నాం.

అతినీలలోహితానికి భయపడి చీకటి గదిలో కూర్చోవడం తెలివి కాదు. తెలియక నడి ఎండలో గంటలు గడపడమూ తెలివి కాదు. రెండింటికీ నడుమ ఉన్న దారిని చూపడానికి ఖరీదైన పరికరాలు అక్కర లేదు. నేలను చూస్తే నీడ చెబుతుంది; పైకి చూస్తే ఆకాశం చెబుతుంది. ఈ రెండు పాఠాలూ చదవడం మన విద్యార్థులకు అలవడితే ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్లే.